ద్విమితీయ ద్రవ క్రొమటోగ్రఫీలో ద్రావణి, ఉష్ణోగ్రతల ప్రభావం: వ్యవసాయోత్పత్తుల విశ్లేషణకు అన్వయం

సారాంశం

సంక్లిష్టమైన మొక్కల సారాలలోని ఘటకాలను వేరుచేయడానికి ఒకే కాలమ్ చాలనప్పుడు ద్విమితీయ ద్రవ క్రొమటోగ్రఫీని ఆశ్రయిస్తారు. ఇందులో మొదటి కాలమ్ నుండి వెలువడే చలన ప్రావస్థయే రెండవ కాలమ్‌కు నమూనా ద్రావణి అవుతుంది. ఈ కారణంగా రెండు కాలమ్‌ల ద్రావణులను విడివిడిగా ఎంపిక చేయడం సాధ్యం కాదు. ద్రావణుల పొంతన లోపించినప్పుడు శిఖరాలు వెడల్పుకావడం, చీలడం, కొంత పదార్థం నిలుపుదల లేకుండా బయటికి పోవడం జరుగుతాయి. రెండవ కాలమ్ ఉష్ణోగ్రతను పెంచినచో విశ్లేషణ వేగవంతమై, ప్రతి విడతలో బదిలీ అయ్యే ద్రావణి పరిమాణం తగ్గుతుంది. అయితే అదే ఉష్ణోగ్రత నిలుపుదలను కూడా తగ్గిస్తుంది. ఈ రెండు ప్రభావాలను కలిపి లెక్కించవలసిన తీరును ఒక ఉదాహరణతో, మిరప కెరోటినాయిడ్లు, ఆంథోసయనిన్లు, పురుగుమందుల అవశేషాల సందర్భాలతో ఈ వ్యాసంలో వివరించడమైనది.

పరిచయం

ఒక కాగితంపై ఒక ద్రావణితో ఒక దిశలోను, వేరొక ద్రావణితో దానికి లంబ దిశలోను పదార్థాలను వేరుచేసే పద్ధతిని 1944లో కాన్స్‌డెన్, గోర్డన్, మార్టిన్ ప్రకటించారు. ఒకే దిశలో కలిసిపోయి కనిపించే అమైనో ఆమ్లాలు రెండవ దిశలో విడివడి, కాగితమంతటా మచ్చలుగా పరచుకొన్నాయి. వితరణ క్రొమటోగ్రఫీని రూపొందించినందుకు మార్టిన్, సింజ్ 1952లో నోబెల్ బహుమతి పొందారు. కాగితపు పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. మొదటి ద్రావణిలో నడిపిన కాగితాన్ని ఆరబెట్టిన తరువాతనే రెండవ ద్రావణిలో ఉంచేవారు. మొదటి ద్రావణి పూర్తిగా ఆవిరైపోయేది కనుక అది రెండవ దశకు అడ్డుపడేది కాదు.

కాలమ్‌లను నేరుగా అనుసంధానించిన నేటి పరికరాలలో ఈ ఆరబెట్టే దశ లేదు. మొదటి కాలమ్ నుండి వచ్చిన ద్రవం వాల్వుకు అమర్చిన లూప్‌లో నిండి, కొద్ది సెకన్లలో రెండవ కాలమ్‌లోకి ప్రవేశిస్తుంది. పదార్థంతో పాటు దానిని మోసుకొచ్చిన ద్రావణి కూడా వెంట వస్తుంది. ద్విమితీయ పద్ధతిలో ఎదురయ్యే చిక్కులలో ఎక్కువ భాగం ఈ ఒక్క అంశం నుండే పుడతాయి.

ఈ విధానంలో రెండు ప్రధాన రకాలు ఉన్నాయి. ఆసక్తి గల ఒకటి రెండు శిఖరాలను మాత్రమే రెండవ కాలమ్‌కు పంపేది హార్ట్-కట్ పద్ధతి. మొదటి కాలమ్ నుండి వచ్చే ద్రవాన్నంతటినీ చిన్నచిన్న భాగాలుగా వరుసగా రెండవ కాలమ్‌పై విశ్లేషించేది సమగ్ర పద్ధతి. సమగ్ర పద్ధతిని బుషీ, జోర్గెన్‌సన్ 1990లో ప్రోటీన్ల విషయంలో ప్రయోగించి చూపారు.

శిఖర సామర్థ్యం, సమయపు కట్టుబాటు

ఒక కాలమ్‌లో ఎన్ని శిఖరాలు పక్కపక్కన ఇమడగలవో ఆ సంఖ్యను శిఖర సామర్థ్యం అంటారు. రెండు కాలమ్‌ల వేర్పాటు సూత్రాలు పరస్పరం స్వతంత్రమైనచో మొత్తం సామర్థ్యం ఆ రెండింటి లబ్ధానికి సమానం. మొదటి కాలమ్ సామర్థ్యం 60, రెండవదాని సామర్థ్యం 20 అయినచో లబ్ధం 1200. ఒకే కాలమ్‌తో ఇంతటి సామర్థ్యాన్ని సాధించడం చాలా కష్టం.

అయితే ఈ సంఖ్య యథాతథంగా లభించదు. మొదటి కాలమ్‌లో విడివడిన రెండు పదార్థాలు ఒకే లూప్‌లో చేరినచో ఆ వేర్పాటు వృథా అవుతుంది. కనుక మొదటి కాలమ్‌లోని ప్రతి శిఖరాన్ని కనీసం మూడు, నాలుగు భాగాలుగా కోయాలని మర్ఫీ, షూర్, ఫోలీ 1998లో సూచించారు. కోత తక్కువైనప్పుడు ఎంత నష్టం కలుగుతుందో లెక్కించే సూత్రాన్ని డేవిస్, స్టోల్, కార్ 2008లో ఇచ్చారు. మొదటి కాలమ్‌లో శిఖరం వెడల్పు ఒక నిమిషం అనుకొందాం. ఈ సూత్రం ప్రకారం 60 సెకన్లకు ఒక కోత తీసినచో 1200 సామర్థ్యం సుమారు 575కు పడిపోతుంది. 30 సెకన్లకు ఒకటి తీసినచో సుమారు 885, 20 సెకన్లకు ఒకటి తీసినచో సుమారు 1025 లభిస్తుంది. రెండవ కాలమ్ తన పనిని ఎంత త్వరగా ముగించగలదో దానిపైనే ఈ లాభం ఆధారపడుతుంది. ఉష్ణోగ్రతకు ప్రాధాన్యం కలిగేది ఇక్కడే.

ద్రావణి ప్రభావం

1. ద్రావణి బలం

విలోమ ప్రావస్థ కాలమ్‌లో నీరు బలహీన ద్రావణి. ఎసిటోనైట్రైల్, మిథనాల్ బలమైనవి. సేంద్రియ ద్రావణి శాతం పెరిగేకొద్దీ నిలుపుదల గుణకపు సంవర్గమానం దాదాపు సరళరేఖలో తగ్గుతుంది. నమూనా బలమైన ద్రావణిలో కరిగి ఉన్నప్పుడు పదార్థం కాలమ్ ముఖద్వారం వద్ద ఆగక, ఆ ద్రావణితో పాటు ముందుకు కొట్టుకొనిపోతుంది. క్వెచర్స్ పద్ధతిలో తీసిన ఎసిటోనైట్రైల్ సారాన్ని పలుచన చేయకుండా ఎక్కువ పరిమాణంలో సి-18 కాలమ్‌లోకి ప్రవేశపెట్టినప్పుడు ఎసిఫేట్, మెథామిడోఫాస్ వంటి ధ్రువ పదార్థాల శిఖరాలు వికృతం కావడం అవశేష విశ్లేషణ చేసేవారికి పరిచితమే. ద్విమితీయ పద్ధతిలో ఇదే పరిస్థితి ప్రతి కోతలోను, ఒక పరుగులో వంద సార్లకు పైగా పునరావృతం కాగలదు.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. మొదటి కాలమ్ ప్రవాహం నిమిషానికి 50 మైక్రోలీటర్లు, కోత వ్యవధి 30 సెకన్లు అయినచో ప్రతిసారి 25 మైక్రోలీటర్లు బదిలీ అవుతుంది. రెండవ కాలమ్ పొడవు 50 మి.మీ., లోపలి వ్యాసం 2.1 మి.మీ. అనుకొన్నచో అందులో ద్రవం ఆక్రమించే స్థలం సుమారు 104 మైక్రోలీటర్లు. అనగా ప్రవేశపెట్టే నమూనా, కాలమ్‌లోని ద్రవంలో దాదాపు నాలుగవ వంతు.

శుద్ధ జలంలో నిలుపుదల గుణకపు సంవర్గమానం 3గాను, సేంద్రియ భిన్నంతో అది తగ్గే వాలు 4గాను గల ఒక పదార్థాన్ని ఊహిద్దాం. బదిలీ అయిన ద్రవంలో ఎసిటోనైట్రైల్ 80 శాతం ఉన్నచో నిలుపుదల గుణకం 0.63 మాత్రమే. నమూనా పరిమాణాన్ని, గుణకానికి ఒకటి కలుపగా వచ్చిన సంఖ్యతో భాగించినచో పదార్థం కాలమ్ ముఖం వద్ద ఎంత మేర పరచుకొంటుందో తెలుస్తుంది. ఇక్కడ 25ను 1.63తో భాగించగా 15 మైక్రోలీటర్లు వస్తుంది. వేర్పాటు ఆరంభం కాకముందే కాలమ్ పొడవులో దాదాపు 15 శాతం మేర పట్టీ పరచుకొన్నదన్నమాట.

అదే ద్రవానికి మూడు రెట్లు నీటిని కలిపినచో పరిమాణం 100 మైక్రోలీటర్లకు పెరుగుతుంది, ఎసిటోనైట్రైల్ 20 శాతానికి తగ్గుతుంది. ఇప్పుడు నిలుపుదల గుణకం 158. పట్టీ వెడల్పు 100ను 159తో భాగించగా 0.63 మైక్రోలీటర్లు మాత్రమే. నాలుగు రెట్లు ఎక్కువ ద్రవాన్ని ప్రవేశపెట్టినప్పటికీ పట్టీ దాదాపు 24 రెట్లు సన్నబడింది. తక్కువ పరిమాణం పంపితే మేలన్న సాధారణ భావన ఇక్కడ చాలదు. ఎంత పంపుతున్నామన్నదాని కన్నా ఏ ద్రావణిలో పంపుతున్నామన్నదే ముఖ్యం.

2. స్నిగ్ధతలో భేదం

25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి స్నిగ్ధత 0.89 సెంటీపాయిజ్, ఎసిటోనైట్రైల్ స్నిగ్ధత సుమారు 0.37. తక్కువ స్నిగ్ధత గల ద్రవం ఎక్కువ స్నిగ్ధత గల ద్రవాన్ని నెట్టినప్పుడు వాటి సరిహద్దు నిలకడ కోల్పోయి, వేళ్ల ఆకారంలో చీలికలు ఏర్పడతాయి. శిఖరాలు చీలడానికి, ఒకవైపు సాగడానికి ఇది కూడా ఒక కారణం. మిథనాల్, నీటి మిశ్రమం సగం సగం పాళ్ల సమీపంలో దాదాపు 1.6 సెంటీపాయిజ్ స్నిగ్ధతకు చేరుతుంది. ఎసిటోనైట్రైల్, నీటి మిశ్రమంలో గరిష్ఠ విలువ దాదాపు 1.0. రెండవ కాలమ్‌ను అధిక వేగంతో నడపవలసి ఉన్నందున అక్కడ ఎసిటోనైట్రైల్‌ను ఎంచుకోవడానికి ఈ భేదమే ప్రధాన కారణం.

3. ద్రావణి స్వభావం, వరణాత్మకత

మిథనాల్ హైడ్రోజన్ బంధాలకు ప్రోటాన్‌ను అందించగలదు. ఎసిటోనైట్రైల్‌కు ద్విధ్రువ స్వభావం అధికం. ఫినైల్ కాలమ్‌లలో ఆరోమాటిక్ వలయాల మధ్య ఆకర్షణను అది బలహీనపరుస్తుంది. కనుక ఫినైల్ కాలమ్ ప్రత్యేకతను వినియోగించుకోదలచినచో మిథనాల్ మేలు. రెండు కాలమ్‌లూ విలోమ ప్రావస్థకు చెందినప్పుడు ఒకదానిలో మిథనాల్, వేరొకదానిలో ఎసిటోనైట్రైల్ వాడడం, లేదా రెండింటి పీహెచ్ విలువలను దూరంగా ఉంచడం ద్వారా స్వతంత్రతను కొంత పెంచవచ్చు. ఇటువంటి జంటలో స్వతంత్రత పరిమితమైనా ద్రావణుల పొంతన సులభం. హిలిక్, విలోమ ప్రావస్థల జంటలో స్వతంత్రత అధికం. కానీ హిలిక్ నుండి వచ్చే ద్రవంలో ఎసిటోనైట్రైల్ ఎక్కువగా ఉంటుంది కనుక పొంతన కష్టం. స్వతంత్రత పెరిగేకొద్దీ పొంతన తగ్గడం ఈ రంగంలో తరచుగా కనిపించే ధోరణి.

4. పొంతన కుదిర్చే మార్గాలు

మొదటిది పలుచన. మొదటి కాలమ్ తరువాత ఒక అదనపు పంపుతో బలహీన ద్రావణిని కలపవచ్చు. లేదా వాల్వులోనే ప్రవాహాన్ని రెండుగా చీల్చి, లూప్ నుండి వచ్చే ద్రవాన్ని బలహీన ద్రావణితో కలిపే ఏర్పాటు చేయవచ్చు. స్టోల్ బృందం 2017లో ప్రకటించిన ఈ ఏర్పాటును క్రియాశీల ద్రావణి నియంత్రణ అనవచ్చు. రెండవది, లూప్‌లకు బదులుగా చిన్న ట్రాప్ కాలమ్‌లను అమర్చి పదార్థాన్ని వాటిపై నిలిపి, ద్రావణిని బయటికి పంపివేయడం. మూడవది, మొదటి కాలమ్ వ్యాసాన్ని, ప్రవాహాన్ని బాగా తగ్గించి బదిలీ పరిమాణాన్నే స్వల్పం చేయడం.

ఉష్ణోగ్రత ప్రభావం

1. వేగం, పీడనం

నీటి స్నిగ్ధత 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 0.80 సెంటీపాయిజ్, 60 డిగ్రీల వద్ద 0.47, 80 డిగ్రీల వద్ద 0.35. కాలమ్ పీడనం స్నిగ్ధతకు అనులోమానుపాతంలో ఉంటుంది కనుక 30 నుండి 60 డిగ్రీలకు వేడిచేసినచో అదే పీడనంలో ప్రవాహాన్ని సుమారు 1.7 రెట్లు పెంచవచ్చు. అణువుల వ్యాపనం కూడా అదే మేరకు వేగవంతమవుతుంది కనుక అధిక ప్రవాహంలో శిఖరాలు అంతగా వెడల్పుకావు. 30 సెకన్ల వలయాన్ని 20 సెకన్లకు కుదించడానికి కావలసినది 1.5 రెట్ల వేగం మాత్రమే.

ఈ సూత్రాన్ని దాని పరిమితి వరకు తీసుకువెళ్లినవారు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన స్టోల్, కార్. రెండవ కాలమ్‌ను 100 డిగ్రీల వద్ద నడిపి, దాదాపు 20 సెకన్లకు ఒక గ్రేడియంట్ పూర్తయ్యేటట్లు చేసి పెప్టైడ్లను వేరుచేసిన తీరును వారు 2005లో ప్రకటించారు. మరుసటి సంవత్సరం అదే మార్గంలో మొక్కజొన్న మొలకలలోని జీవక్రియా పదార్థాలను పరిశీలించారు. వ్యవసాయ శాస్త్ర విద్యార్థులకు ఇది విశేషంగా గమనించదగిన అన్వయం.

2. నిలుపుదల

వాంట్‌హాఫ్ సంబంధం ప్రకారం నిలుపుదల గుణకపు సహజ సంవర్గమానం పరమ ఉష్ణోగ్రత విలోమంతో సరళరేఖలో మారుతుంది. స్థిర ప్రావస్థలోకి బదిలీ అయ్యే ఎంథాల్పీ మోలుకు మైనస్ 15 కిలోజౌళ్లు అయిన పదార్థానికి 30 నుండి 60 డిగ్రీలకు వెళ్లినచో గుణకం 0.585 రెట్లకు తగ్గుతుంది. అనగా ఒక్కొక్క డిగ్రీకి 2 శాతం లోపు తగ్గుదల. పై ఉదాహరణలోని వాలుతో లెక్కించినచో ఎసిటోనైట్రైల్‌ను సుమారు 6 శాతం తగ్గించడంతో ఈ నష్టం పూడుతుంది. ఐదు డిగ్రీల వేడి దాదాపు ఒక శాతం సేంద్రియ ద్రావణికి సమానమన్న ప్రయోగశాల సూత్రానికి ఆధారం ఇదే.

3. రెండింటిని కలిపి చూచినప్పుడు

ఇప్పుడు మొదటి ఉదాహరణకు తిరిగి వద్దాం. వలయం 20 సెకన్లకు తగ్గినందున బదిలీ పరిమాణం 25 నుండి సుమారు 17 మైక్రోలీటర్లకు తగ్గింది. సామర్థ్యం 885 నుండి 1025కు పెరిగింది. అయితే 80 శాతం ఎసిటోనైట్రైల్‌లోని నిలుపుదల గుణకం 0.63 నుండి 0.37కు పడిపోయింది కనుక పట్టీ వెడల్పు ఇంకా 12 మైక్రోలీటర్లుగానే ఉంది. పలుచన లేకుండా వేడి మాత్రమే పెంచినందువలన కలిగిన మేలు స్వల్పం. మూడు రెట్లు నీటిని కలిపి, 60 డిగ్రీల వద్ద నడిపినచో గుణకం సుమారు 93, పట్టీ వెడల్పు 0.7 మైక్రోలీటర్లు. వేడివలన వేగం, పలుచనవలన ఏకాగ్రత లభించాయి. ద్రావణిని సరిచేసిన తరువాతనే ఉష్ణోగ్రత తన పూర్తి ప్రయోజనాన్ని చూపగలదు.

4. మినహాయింపులు

వేడిచేసినచో నిలుపుదల తగ్గుతుందన్నది అన్ని పదార్థాలకు వర్తించదు. ఎమీన్ క్షారాల పీకేఏ విలువ ప్రతి డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున తగ్గుతుంది. 30 డిగ్రీల పెరుగుదలకు దాదాపు ఒక యూనిట్ మార్పు రాగలదు. పీహెచ్ ఆ సమీపంలోనే ఉన్నచో క్షారం ఆవేశం కోల్పోయి, వేడిలో మరింత ఎక్కువసేపు నిలువగలదు. కార్బాక్సిలిక్ ఆమ్లాలలో ఈ మార్పు స్వల్పం.

ఉష్ణోగ్రతను పెంచడం అన్ని వేళలా మేలు కాదు. కెరోటినాయిడ్ల సిస్, ట్రాన్స్ రూపాలను సి-30 కాలమ్ ఆకారాన్నిబట్టి గుర్తిస్తుంది. 20 డిగ్రీల పరిసరాలలో ఈ గుర్తింపు మెరుగు. వేడిలో అది క్షీణించడమే కాక, ట్రాన్స్ రూపం సిస్‌గా మారే ప్రమాదం కూడా ఉంది. ఆంథోసయనిన్ల విషయం ఇందుకు భిన్నం. ఇవి కాలమ్‌లోనే ఒక రూపం నుండి మరొక రూపానికి నెమ్మదిగా మారుతుంటాయి కనుక సాధారణ ఉష్ణోగ్రతలో శిఖరాలు వెడల్పుగా వస్తాయి. 50 డిగ్రీల వద్ద ఈ మార్పిడి వేగవంతమై శిఖరాలు సన్నబడతాయని దక్షిణాఫ్రికాలోని స్టెల్లెన్‌బోష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు.

వేడికి పదార్థం చెడుతుందన్న సందేహం సహజమే. మొదటి కాలమ్‌లో పదార్థం పదుల నిమిషాలు ఉంటుంది. రెండవదానిలో కొన్ని సెకన్లు మాత్రమే. కనుక మొదటి కాలమ్‌ను మితమైన ఉష్ణోగ్రతలో ఉంచి, వేడిని రెండవదానికి పరిమితం చేయడం సమంజసం. సాధారణ సిలికా సి-18 కాలమ్‌లను తయారీదారు సూచించిన పరిమితికి మించి వేడిచేయరాదు. అధిక ఉష్ణోగ్రతలకు జిర్కోనియా ఆధారిత కాలమ్‌లు అనువైనవి. కాలమ్‌లోకి వచ్చే ద్రవాన్ని ముందుగా వేడిచేయనిచో కాలమ్ మధ్యభాగం చల్లగా, అంచులు వేడిగా ఉండి శిఖరం వికృతమవుతుంది.

అన్వయం: ఎండుమిరప కెరోటినాయిడ్లు

గుంటూరు, ఖమ్మం, వరంగల్ మార్కెట్లకు వచ్చే ఎండుమిరప ధరను నిర్ణయించే గుణాలలో రంగు ముఖ్యమైనది. ఆ ఎరుపుకు ప్రధాన కారణమైన కాప్సాంథిన్ స్వేచ్ఛా రూపంలోను, ఒక కొవ్వు ఆమ్లంతోను, రెండు కొవ్వు ఆమ్లాలతోను కూడిన ఎస్టర్ల రూపాలలోను ఉంటుంది. ఒకే సి-18 కాలమ్‌పై ఈ ఎస్టర్లు ఒకదానిపై ఒకటి పడతాయి. ఇటలీలోని మెస్సీనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో మొదటి కాలమ్‌గా సాధారణ ప్రావస్థలో పనిచేసే సయనో కాలమ్‌ను, రెండవదిగా సి-18ను వాడి ఎర్ర మిరపలోని కెరోటినాయిడ్లను వేరుచేశారు. మొదటి కాలమ్ ధ్రువత్వాన్నిబట్టి తరగతులుగాను, రెండవది జలవికర్షక స్వభావాన్నిబట్టి ఒక్కొక్క తరగతిలోని సభ్యులను విడివిడిగాను చూపింది.

ఇక్కడ పొంతన సమస్య తీవ్రం. సాధారణ ప్రావస్థలో వాడే హెక్సేన్ నీటిలో కలవదు, పైగా సి-18పై అది చాలా బలమైన ద్రావణి. సన్నని మొదటి కాలమ్‌ను అతి తక్కువ ప్రవాహంలో నడపడం, రెండవ కాలమ్‌లో ఐసోప్రొపనాల్ వంటి ఇరు ద్రవాలతోను కలిసే ద్రావణిని వాడడం ద్వారా ఈ చిక్కును అధిగమించవచ్చు. ఉష్ణోగ్రతను ఎంత పెంచినా ఈ కలయికను కుదర్చలేము.

ఫలితాల విశ్వసనీయత

పొంతన లోపించినప్పుడు పదార్థంలో కొంత భాగం ద్రావణితో పాటు ఆగకుండా బయటికి పోతుంది. ప్రయోగశాల వాడుకలో దీనిని బ్రేక్‌త్రూ అంటారు. మిగిలిన భాగం తన నియత సమయంలో చక్కని శిఖరంగానే వస్తుంది. ఆ శిఖరాన్ని మాత్రమే చూచినవారికి ఏ లోపమూ కనిపించదు. ఇదే ఇందులోని అసలు ప్రమాదం.

ఐరోపా సమాఖ్యలో ప్రత్యేక పరిమితి నిర్దేశించని పురుగుమందుల అవశేషాలకు కిలోకు 0.01 మిల్లీగ్రాముల సాధారణ పరిమితి వర్తిస్తుంది. నమూనాలో వాస్తవంగా 0.012 మిల్లీగ్రాములు ఉండి, నాలుగవ వంతు బ్రేక్‌త్రూలో పోయినదనుకొందాం. నివేదికలో 0.009 అని వస్తుంది. ఎగుమతికి తగినదని పంపిన సరుకు అవతలి రేవులో తిరస్కరణకు గురికావచ్చు; ఆ నష్టం చివరకు రైతుకే చేరుతుంది. ప్రమాణ ద్రావణాన్ని నేరుగా రెండవ కాలమ్‌పై ప్రవేశపెట్టి క్రమాంకనం చేసినచో ఈ లోపం పూర్తిగా ఫలితంలోకి వస్తుంది. రెండు కాలమ్‌ల గుండా పంపి చేసినచో చాలా వరకు సరిపడుతుంది. అయినప్పటికీ నమూనా మాతృక వలన మొదటి కాలమ్‌లో శిఖరం కొద్దిగా జరిగినా కోతలలోని ద్రావణి పాళ్లు, వాటితో పాటు నష్టపు పాలు మారుతాయి.

కనుక ఈ క్రింది పరీక్షలను ప్రతి కొత్త పద్ధతిలోను నిర్వహించడం అవసరం.

1. నిలుపుదల లేని పదార్థాలు వెలువడే సమయంలో లక్ష్య పదార్థపు సంకేతం ఉన్నదేమో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పరిశీలించాలి.

2. లూప్ పరిమాణాన్ని సగానికి తగ్గించినప్పుడు శిఖర వైశాల్యం కూడా సగమవుతున్నదా అని చూడాలి. సగం కన్నా ఎక్కువ మిగిలినచో పూర్తి లూప్‌లో నష్టం జరుగుతున్నట్లు భావించాలి.

3. అదే పరిమాణంలోని పదార్థాన్ని బలహీన ద్రావణిలో కరిగించి రెండవ కాలమ్‌పై ప్రవేశపెట్టి వైశాల్యాలను పోల్చాలి.

4. ఉష్ణోగ్రతను మార్చిన ప్రతిసారి పై మూడు పరీక్షలను తిరిగి చేయాలి.

పద్ధతి రూపకల్పనలో అనుసరించదగిన క్రమం

ముందుగా నమూనాలోని పదార్థాల భేదాలకు తగిన రెండు వేర్పాటు సూత్రాలను ఎంచుకోవాలి. తరువాత బదిలీ స్థానంలో ద్రావణి పాళ్లు, పరిమాణం ఎంతో కాగితంపై లెక్కించాలి. ఆ ద్రావణిలో నిలుపుదల గుణకం స్వల్పమైనచో పలుచనకు గాని, ట్రాప్‌కు గాని ఏర్పాటు చేయాలి. ఆ తరువాతనే రెండవ కాలమ్ ఉష్ణోగ్రతను పెంచి వలయాన్ని కుదించాలి. తగ్గిన నిలుపుదలకు బదులుగా గ్రేడియంట్ ఆరంభంలో సేంద్రియ ద్రావణిని తగ్గించాలి. మొదటి కాలమ్ ఉష్ణోగ్రతను వేగం కొరకు కాక, వరణాత్మకత కొరకు సర్దుబాటు చేయాలి.

ముగింపు

ద్విమితీయ ద్రవ క్రొమటోగ్రఫీ రెండు పద్ధతుల కూడిక కాదు. వాటి మధ్య గల సంధి స్థానమే దాని నాణ్యతను నిర్ణయిస్తుంది. ఆ స్థానంలో ద్రావణి బలం పదార్థం నిలుస్తుందా, జారిపోతుందా అన్నది తేల్చుతుంది. ఉష్ణోగ్రత వేగాన్ని పెంచి, బదిలీ పరిమాణాన్ని తగ్గించి తోడ్పడుతుంది. నిలుపుదలను తగ్గించి కొంత భంగం కూడా కలిగిస్తుంది. వీటిని విడివిడిగా కాక ఒకే లెక్కలో భాగాలుగా చూచినప్పుడే మొక్కల సారాలు, అవశేషాలు, వర్ణకాల విశ్లేషణలో ఈ పద్ధతి ఇచ్చే సంఖ్యలపై విస్తరణ శాస్త్రవేత్త, రైతు నమ్మకం ఉంచగలరు.